ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి, నెత్తిమీద సిమెంటు రేకులు: ఏం చేయాలి, ఏం చేయకూడదు

తిరుపతిలో జీవకోన వైపు వెళ్లినా, చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లోకి వెళ్లినా రేకుల ఇళ్లు ఇప్పటికీ బోలెడు కనిపిస్తాయి. బూడిద రంగులో అలలు అలలుగా ఉండే పాత సిమెంటు రేకులైతే దాదాపు అన్నింటిలోనూ ఆస్బెస్టాస్ అనే సన్నటి ఖనిజ పీచు ఉంటుంది, బరువులో సుమారు 8 నుంచి 10 శాతం దాకా. ఇదే పీచును కడప జిల్లా పులివెందుల దగ్గర ఒకప్పుడు తవ్వేవాళ్లు కూడా. మీ రేకుల్లో ఉందో లేదో చూపుతో చెప్పలేం, ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టాల్సిందే, కాబట్టి పాత రేకైతే ఉందనే అనుకోండి.

ముందు టెన్షన్ తగ్గించే మాట. పగలకుండా, అరగకుండా పైన కదలక ఉన్న రేకు పెద్దగా పీచు వదలదు, దానికింద పడుకున్నంత మాత్రాన ఏదో అయిపోదు. పుట్టబోయే బిడ్డకు ఇది అవకరం తెస్తుందని రుజువు కూడా లేదు. అసలు భయం ఊపిరితో లోపలికి పోయే దుమ్ముతో. ఊపిరితిత్తులు, గొంతు, అండాశయాల క్యాన్సర్లు, మెసోథీలియోమా (ఊపిరితిత్తులు, పొట్ట చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్) దీనివల్ల వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అవి బయటపడటానికి 20, 30, 40 ఏళ్లు కూడా పట్టొచ్చు, అందుకే బతుకంతా ముందున్న పసిబిడ్డ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి.

తమాషా ఏమిటంటే ఏళ్లతరబడి కదలని రేకుల్ని మనవాళ్లు సరిగ్గా ఇప్పుడే కదిలిస్తారు. సీమంతం వస్తోందని రేకులు గీకి రంగు వేయిస్తారు, ఫ్యానుకో కొక్కేనికో డ్రిల్లు పెడతారు, వాన కారుతోందని పాత రేకు పగలగొట్టి కొత్తది వేస్తారు, ఆ దుమ్మునంతా కోడలి చేతో కూతురి చేతో ఊడిపిస్తారు. డ్రిల్లు, రంపం, గ్రైండరు, ఇనప బ్రష్షు, ప్రెషర్ వాషర్, ఈ ఐదూ రేకు దగ్గరికి రాకూడదు. ఉయ్యాల కూడా రేకుల కింది కర్రకు కట్టకండి, ఊపినప్పుడల్లా కర్ర కదిలి రేకు రాపిడి అవుతుంది, స్టాండు ఉయ్యాల కొనుక్కోండి.

ఎండ సంగతి వేరే. మే నెలలో రేణిగుంట వైపు రేకుల కింద ఉక్కపోత చెప్పనక్కర్లేదు, కడుపుతో ఉన్నవాళ్లకు ఆ వేడి కూడా మంచిది కాదు. కూల్ పెయింట్ వేయించుకోవచ్చు, నిజానికి రంగు పొర పీచును పట్టి ఉంచుతుంది కూడా, కానీ నాచును పొడిగా గీకకూడదు, నీళ్లు మెల్లగా చల్లి తడి గుడ్డతో తీసేసి రంగు వేయాలి. రేకు మీద కాలు పెట్టొద్దు, పాత రేకు విరిగి మనిషి కిందపడటం ఆస్బెస్టాస్ కంటే ముందొచ్చే ప్రమాదం. లోపల రేకును తాకకుండా గోడ నుంచి గోడకు పాత చీరలు కట్టినా వేడి కొంత తగ్గుతుంది, పైనుంచి రాలే దుమ్మూ ఆగుతుంది.

కొండ పక్క వీధుల్లో కోతులు దూకి రేకులు పగులుతుంటాయి. చిన్న పగులైతే తడిపి, రుద్దకుండా ఎం-సీల్ గానీ వాటర్‌ప్రూఫ్ టేపు గానీ వేసేయండి, ఆ పని కడుపుతో ఉన్నామె చేయకూడదు.

రేకులు మార్చక తప్పదంటే ఆమె ఇంట్లో లేనప్పుడు మార్చండి. పురిటికి పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ ఇక్కడ బాగా పనికొస్తుంది, అత్తగారింటి పని ఆ నెలల్లో పెట్టుకోండి. పుట్టింటి రేకులే పాతవైతే ఆమె రాకముందే ఆ పని అయిపోవాలి. మేస్త్రీకి ముందే చెప్పండి: కరెంటు ఆపి, సబ్బు కలిపిన నీళ్లతో రేకు తడిపి, బోల్టులు విప్పి ముక్కలు చేయకుండా దించాలి, పైనుంచి విసరకూడదు. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఈ పీచును ఆపవు, సన్నటి దుమ్మును ఆపే పీ100 ఫిల్టరున్న, ముక్కూ నోరూ మూసే హాఫ్ మాస్కు కావాలి. "ఇన్నేళ్లుగా చేస్తున్నాం, మాకేం కాలేదు" అంటాడు, జబ్బు ఇరవై ఏళ్ల తర్వాత వచ్చేదని చెప్పండి, వినకపోతే మరో మేస్త్రీని చూసుకోండి. దించిన రేకుల్ని మందం పాలిథిన్‌లో చుట్టి టేపు వేయండి, కోళ్ల గూటికీ బాత్రూం తడకకీ మళ్లీ వాడొద్దు, చెరువు గట్టున పారేయొద్దు, ఎక్కడ వేయాలో కార్పొరేషన్ పారిశుద్ధ్య సిబ్బందిని అడగండి.

శుభ్రం చేసేటప్పుడు చీపురు వద్దు, మామూలు వాక్యూమ్ క్లీనరూ వద్దు, పీచు మళ్లీ గాల్లోకి లేస్తుంది. తడి గుడ్డలతో తుడిచి, ఆ గుడ్డల్ని ఉతక్కుండా కవర్లో కట్టి పారేయాలి. పరుపులు, బియ్యం, బిడ్డ బట్టలు పని మొదలవకముందే వేరే గదికి మార్చాలి.

చాలామంది మరిచేది మగవాళ్ల బట్టలు. రేకుల పని చేసేవాళ్లు, పాత బండ్ల బ్రేకులు (వాటిలోనూ ఈ పీచు ఉండొచ్చు) ఊదే మెకానిక్కులు ఒంటిమీద దుమ్ము ఇంటికి తెస్తారు. భర్త పని బట్టలు ఉతికిన ఆడవాళ్లకు కూడా మెసోథీలియోమా వచ్చినట్టు లండన్‌లో 1965లోనే రాశారు. పనిచోటే బట్టలు మార్చుకుని స్నానం చేసి రావాలి, పని బట్టల్ని దులపకుండా విడిగా, తడిపి, ఆయనే ఉతుక్కోవాలి. బీడీ, సిగరెట్ ఉంటే మానేయాలి, ఆస్బెస్టాస్‌కు పొగ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇప్పటికే దుమ్ము పీల్చేశారా? ఒకరోజు దుమ్ముకు కంగారు పడకండి, ఎంత దుమ్ము, ఎన్నాళ్లు అన్నదాన్ని బట్టే ప్రమాదం. ముఖం, చేతులు కడుక్కుని, తల తడిపి స్నానం చేసి బట్టలు మార్చుకోండి. ఎక్స్‌రే తీయించుకుందాం అని పరుగెత్తొద్దు, నిన్న పీల్చిన పీచు ఎక్స్‌రేలో కనపడదు, కడుపుతో ఉన్నప్పుడు అనవసరంగా తీయించుకోవడమెందుకు. నెలనెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు చెకప్ ఉంటుంది కదా, అప్పుడు డాక్టరుకు విషయం చెప్పండి. దగ్గు, ఆయాసం తగ్గకుండా ఉంటే మాత్రం ఆ తేదీ కోసం ఆగొద్దు.