రికార్డింగే లేని టెనర్‌ని వినడం ఎలా?

టెనర్, అంటే హెచ్చు స్థాయిలో పాడే మగ గొంతు గాయకుడు, మాన్యుయెల్ గార్సియా 1832లోనే పోయాడు, యూట్యూబ్‌లో ఆయన గొంతు వెతికి లాభం లేదు. ముందు సంగీతకర్త రొసీనీ ఆపెరా (పాటలతో నడిచే నాటకం) 'ది బార్బర్ ఆఫ్ సెవిల్' పెట్టండి. 1816లో రోమ్‌లో మొదటిసారి ఆడినప్పుడు అందులో ప్రేమికుడు అల్మవీవా వేషం ఈయనదే, ఆ పాత్ర రాసిందే ఈయన గొంతు కోసం. చివర్లో అల్మవీవా పాడే పెద్ద పాట ఉన్న రికార్డింగే తీసుకోండి, కష్టమని తరచూ తీసేస్తుంటారు (నన్నడిగితే అది మోసం). ఒక్క ఊపిరిలో స్వరాలు గలగలా దొర్లిపోతుంటాయి, అక్కడ కళ్లు మూసుకుని వినండి.

ఇక గురువుగా ఆయనేంటో తెలియాలంటే ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లల్ని చూడాలి. కూతురు మరియా 1825లో న్యూయార్క్‌లో ఇదే ఆపెరాలో తండ్రి పక్కన నాయిక రోసీనాగా పాడింది. కొడుకు, ఆయన పేరూ మాన్యుయెలే, స్టేజీ వదిలేసి పాఠాలు చెప్పుకుంటూ, 1854లో పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని గొంతులో పెట్టి, ఎండని దాని మీదకి మళ్లించి, తన స్వరతంత్రులు కదలడం తనే చూసుకున్నాడు.