పాయింట్లు, స్టేకింగ్ ప్లాన్లు: కాగితం మీద లెక్క వేసి చూసుకోవడం ఎలా

"సార్, ఈ మ్యాచ్‌కి మూడు పాయింట్లు పెట్టమంటాండారు, మూడు పాయింట్లంటే ఎంత సార్?" తిరుపతి బాలాజీ కాలనీలో బ్యాంకు పరీక్షలకు లెక్కలు చెబుతాను నేను. ఐపీఎల్ మొదలైతే చాలు, ఎవరో ఒక పిల్లాడు వచ్చి ఈ ప్రశ్న అడుగుతాడు. ఫోన్‌లో ఏదో టెలిగ్రామ్ గ్రూపు ఉంటుంది, అందులో ముక్కూ మొహం తెలియని ఆయనెవరో ఏ జట్టు మీద ఎన్ని పాయింట్లు పందెం కట్టాలో రోజూ చెబుతుంటాడు, నెలాఖరుకి "ప్లస్ 32" అని పెద్ద అక్షరాలతో పెడతాడు. నేను తిట్టి పంపితే ఆ పిల్లాడు నేరుగా వెళ్ళి ఆ గ్రూపు ఆయన్నే అడుగుతాడు. అందుకే కూర్చోబెట్టి మొత్తం లెక్క చెబుతాను.

ముందు చట్టం సంగతి. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా నోట్‌బుక్‌లో, పెన్నుతో చేసుకునే లెక్క. ఒక్క రూపాయి కూడా ఎక్కడా కట్టనక్కర్లేదు, కట్టకూడదు.

పాయింటు అంటే రూపాయి కాదు, కొలత. పందేల కోసమే విడిగా పెట్టుకున్న డబ్బును బ్యాంక్‌రోల్ అంటారు, అందులో నూరో వంతు మామూలుగా ఒక పాయింటు. 10,000 పక్కన పెట్టినవాడికి పాయింటు 100 రూపాయలు, 2,000 పెట్టినవాడికి 20. మూడు పాయింట్లంటే మొదటివాడికి 300, రెండోవాడికి 60. ఇద్దరి జేబులూ వేరైనా ఒకే భాషలో మాట్లాడుకోవడానికి పుట్టిన కొలత ఇది, అంతవరకు మంచిదే. చిక్కెక్కడ వస్తుందంటే, విడిగా పెట్టిన డబ్బంటూ ఏమీ లేకుండా అమ్మ ఫీజుకని పంపిన డబ్బులోంచి "మూడు పాయింట్లు" అని కట్టేవాడికి ఆ మాటకు అర్థమే లేదు. నూరో వంతు అన్నప్పుడు దేనిలో నూరో వంతో ముందు తెలియాలి కదా.

తర్వాత రేటు. 1.90 అంటే 100 పెడితే గెలిచినప్పుడు అసలుతో కలిపి 190 చేతికొస్తుంది. బయట "90 పైసలు" అనేది దీన్నే. ఒకటిని రేటుతో భాగించండి: 1 ÷ 1.90 అంటే 52.6 శాతం. నూటికి దాదాపు 53 సార్లు గెలిస్తే తప్ప ఆ రేటు దగ్గర అసలు కూడా మిగలదు. సమ ఉజ్జీలైన రెండు జట్లకూ 1.90 ఇస్తే రెండు శాతాలూ కలిపి 105 దాటుతుంది. వంద మీద ఉన్న ఆ 5 చిల్లరే నడిపేవాడి వాటా. బొమ్మా బొరుసూ లాంటి మ్యాచ్‌ల మీద 1.90కి రూపాయి పెట్టిన ప్రతిసారీ సగటున 5 పైసలు పోతుంది. ఈ 5 పైసలు గుర్తుపెట్టుకోండి, కింద ప్రతి ప్లాన్‌లోనూ మళ్ళీ కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ "ప్లస్ 32". మన చిత్తూరు పల్లెల్లో పాలు పోసే ఇళ్ళవాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది. కేంద్రంలో ఎన్ని లీటర్లు పోశామన్నది ఒక్కటే కాదు, వెన్న శాతం ఎంత వచ్చిందన్నది కూడా కావాలి, అప్పుడే బిల్లు తేలుతుంది. 32 పాయింట్ల లాభం అన్నప్పుడు మొత్తం ఎన్ని పాయింట్లు పెడితే వచ్చిందో చెప్పాలి. 640 పెడితే 32 వచ్చిందంటే 5 శాతం. 3,200 పెడితే ఒక్క శాతం. లాభాన్ని పెట్టిన మొత్తంతో భాగిస్తే వచ్చే ఈ శాతాన్నే యీల్డ్ అంటారు. అది చెప్పనివాడి అంకెకు విలువ లేదు.

ఒక ఉదాహరణ రాసుకోండి. ఒకాయన పది పందేలు చెప్పాడు. ఏడింటికి ఒక్కో పాయింటు: రెండు 2.00 రేటుతో గెలిచాయి, ఐదు పోయాయి, అంటే మైనస్ 3. రెండింటికి రెండేసి పాయింట్లు, రెండూ పోయాయి, ఇంకో మైనస్ 4. చివరిదానికి ఏకంగా 10 పాయింట్లు, 1.80 రేటు, గెలిచింది, ప్లస్ 8. మొత్తం ప్లస్ 1. గ్రూపులో "ఈ వారం కూడా లాభమే" అని టపాసులు కాలుస్తారు. అవే పది పందేలకు తలా ఒక పాయింటు చొప్పున మళ్ళీ లెక్కేయండి. గెలిచిన మూడింటి వల్ల 2.8, పోయినవి 7, అంటే మైనస్ 4.2. పదికి ఏడు తప్పు చెప్పిన మనిషి ఒక్క 10 పాయింట్ల పందెం వెనక దాక్కున్నాడన్నమాట. ఎవరి లెక్కైనా సరే, ముందు అన్నిటినీ ఒక్కో పాయింటుకి మార్చి చూడండి, నేను పిల్లలకు నేర్పే మొదటి పని ఇదే. ఆ 10 పాయింట్ల మాట మ్యాచ్‌కి ముందు పెట్టాడా, అయిపోయాక ఎడిట్ చేశాడా అన్నది కూడా చూడండి.

ఇక స్టేకింగ్ ప్లాన్లు. ఏ పందేనికి ఎంత పెట్టాలో చెప్పే పద్ధతి, అంతే. ఏది గెలుస్తుందో అది చెప్పదు.

అన్నిటికీ సమానంగా పెట్టడం లెవెల్ స్టేక్స్. చెప్పేవాడి సత్తా ఉన్నది ఉన్నట్టు కనిపించేది దీంట్లోనే. ఉన్నదాంట్లో ఇంత శాతం అని పెట్టడం ఇంకోటి. 2 శాతం చొప్పున పెట్టి వరుసగా పది ఓడితే 10,000 కాస్తా 8,171 అవుతుంది. అదే 10 శాతం చొప్పున అయితే 3,487 మిగులుతుంది, అక్కడినుంచి మళ్ళీ పదివేలకు రావాలంటే ఉన్నదాని మీద 187 శాతం సంపాదించాలి. సగం పోతే రెట్టింపు చేయాలి. పడేటప్పటి మెట్లూ ఎక్కేటప్పటి మెట్లూ ఒకటి కావని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా చాలదనిపిస్తుంది నాకు.

అన్నిటికంటే ఎక్కువ కొంపలు ముంచింది డబల్ ప్లాన్, పుస్తకాల్లో మార్టింగేల్ అంటారు. ఓడితే రెట్టింపు పెట్టు, మళ్ళీ ఓడితే దానికి రెట్టింపు, ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తావు కదా, అప్పుడు అన్నీ తిరిగొచ్చి మొదటి పందెమంత లాభం మిగులుతుందని. వినడానికి ఎంత బాగుంటుందో! మా చిన్నాన్న కొడుకు దామలచెరువు మామిడి మండీలో గుమాస్తా, లెక్కల్లో చురుకైనవాడు, వాడే నమ్మాడు. 500తో మొదలుపెట్టాడు. 500, 1,000, 2,000, 4,000, 8,000, 16,000, 32,000. వరుసగా ఏడు పోయాయి. కూడండి: 63,500. ఎనిమిదోదానికి 64,000 కావాలి, గెలిస్తే మిగిలేది అదే 500, అదీ రేటు 2.00 ఉంటేనే. ఆ 64,000 వాడి దగ్గర లేవు, లేకపోవడమే మంచిదైంది. "ఏడుసార్లు వరసగా ఎట్లా పోతాదన్నా?" అని ఇప్పటికీ అడుగుతాడు. పోతుంది. బొమ్మా బొరుసూ 500 సార్లు వేస్తే ఎక్కడో ఒకచోట వరుసగా ఎనిమిది బొరుసులు పడే అవకాశం సగానికి పైనే. నాణేనికి నిన్నటి సంగతి గుర్తుండదు, టాస్‌కీ గుర్తుండదు. ఫిబొనాచీ అనీ డీలాంబేర్ అనీ వేరే పేర్లతో వచ్చేవి ఇంత వేగంగా పెరగవు గానీ, ఓడినప్పుడు పెంచడమే వాటి పని కూడా. నష్టం ఎప్పుడూ మొత్తం పెట్టిన డబ్బు మీద 5 పైసల లెక్కనే పోతుంది. డబల్ ప్లాన్ ఆ మొత్తాన్ని పెంచుతుంది, 5 పైసలను తగ్గించదు.

నాకు గౌరవం ఉన్నది ఒక్క సూత్రం మీదే. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో రాసింది. గెలిచే అవకాశాన్ని, గెలిస్తే రూపాయికి వచ్చే లాభంతో గుణించండి, అందులోంచి ఓడే అవకాశాన్ని తీసేయండి, మిగిలినదాన్ని మళ్ళీ ఆ లాభంతోనే భాగించండి. 1.90 రేటుకి రూపాయికి లాభం 0.90. గెలిచే అవకాశం నిజంగా 55 శాతమైతే 0.495 లోంచి 0.45 పోగా 0.045, దాన్ని 0.90తో భాగిస్తే 0.05. అంటే బ్యాంక్‌రోల్‌లో 5 శాతం. అవకాశం 50 శాతమే అయితే సమాధానం సున్నా కంటే కిందికి వస్తుంది, అంటే పెట్టొద్దని. నేను చూసిన ప్లాన్లలో "పెట్టొద్దు" అని చెప్పేది ఇదొక్కటే. కానీ 55 అన్న ఆ అంకె ఎక్కడినుంచి వచ్చింది? మనం అనుకున్నదే కదా. నిజానికి అది 52 అయితే కెల్లీ లెక్క ప్రకారమే ఒక్క రూపాయి పెట్టకూడదు, మనమేమో 5 శాతం పెట్టేసి ఉంటాం. అందుకే తెలిసినవాళ్ళు కూడా వచ్చిన అంకెలో సగమో పావో వాడతారు.

ఇదంతా పరీక్షించాలంటే రూళ్ళ నోట్‌బుక్ తీసుకోండి. టాస్‌కి ముందే తేదీ, ఎవరి మీద, ఆ క్షణాన ఉన్న రేటు, ఎన్ని పాయింట్లు అని పెన్నుతో రాయండి, పెన్సిల్‌తో వద్దు. మ్యాచ్ అయ్యాక ఫలితం, పాయింట్ల మార్పు, మొత్తం. గ్రూపు చెప్పినవాటికి ఒక పేజీ, మీరు అనుకున్నవాటికి ఒక పేజీ, బొమ్మా బొరుసూ వేసి వచ్చినవాటికి ఇంకో పేజీ. మూడోది మానొద్దు, అసలు సంగతి అందులోనే ఉంది. నా దగ్గర చదివే ఒక పిల్లాడు ఒక సీజన్ 74 మ్యాచ్‌లూ ఇలా రాశాడు. సరిగ్గా సగం, 37 గెలిచాడు, గెలిచినవాటి సగటు రేటు 1.88. లెక్క తేలితే మైనస్ 4.44 పాయింట్లు. "సగం కరెక్ట్ చెప్పినా పోయింది సార్" అని రెండుసార్లు కూడి చూసుకున్నాడు.

74 చాలవు, 200 అయినా చాలా తక్కువే. 1.90 రేటుకి నాణెం వేసి 200 పందేలు రాస్తే సగటున మైనస్ 10 రావాలి, కానీ అదృష్టం వల్ల అటూ ఇటూ 13 పాయింట్లు ఊగడం మామూలే. వంద గ్రూపులు ఉత్త నాణెం వేసి చెప్పినా ఒకదానికి ప్లస్ 20 వచ్చేస్తుంది. మీ ఫోన్‌కి వచ్చేది ఆ ఒక్కటే, మిగతావి ఈపాటికి పేరు మార్చుకుని ఉంటాయి.

చిత్తూరు నుంచి బెంగళూరుకి గుర్రప్పందేలకు వెళ్ళేవాళ్ళు కూడా అడుగుతారు. అది నైపుణ్యం ఉన్న ఆటేనని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది, నిజమే. కానీ 2025 సెప్టెంబరు 22 నుంచి పందెం పూర్తి విలువ మీద జీఎస్టీ 40 శాతం. పన్ను విడిగా వేస్తే 100 పందేనికి 140 కడతారు, 2.00 రేటుకి గెలిస్తే 200 వస్తుంది, అంటే నూటికి 70 సార్లు గెలిస్తేనే అసలు నిలబడుతుంది. గెలిచినదాని మీద ఆదాయపు పన్ను 30 శాతం, ఓడినవి అందులోంచి తగ్గించుకోనివ్వరు. ఏ స్టేకింగ్ ప్లాన్‌లోనూ ఈ వరుస ఉండదు, మీ నోట్‌బుక్‌లో మీరే గీసుకోవాలి.

ఇప్పటికే నిజం డబ్బు పోగొట్టుకుని లోన్ యాప్‌ల దాకా వెళ్ళినవాళ్ళకు ఈ లెక్కలతో పనిలేదు, పోయినదాన్ని రాబట్టే ప్లాన్ కోసం దయచేసి వెతకొద్దు. టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, చెప్పేటప్పుడు మొత్తం అంకె చెప్పండి. సగం చెబితే మిగతా సగం కోసం మళ్ళీ ఆ యాప్ దగ్గరికే పోవాల్సి వస్తుంది.