బీపీ ఎక్కువ చూపిస్తోందా? ముందు కొలిచిన తీరు చూడండి

గుండె ముడుచుకుని రక్తాన్ని నెట్టినప్పుడు ధమనుల గోడల మీద పడే ఒత్తిడి పై అంకె. రెండు స్పందనల మధ్య గుండె సడలినప్పుడు మిగిలే ఒత్తిడి కింది అంకె. ఈ రెండింటిలో ఏది పెరిగినా పట్టించుకోవాలి. 118/94 వచ్చినప్పుడు పై అంకె బాగుందని ఊరుకోవడం పొరపాటు.

సమస్య: ఇంట్లో ఎప్పుడు చూసినా ఎక్కువే వస్తోంది

నిజంగానే రక్తపోటు ఉండవచ్చు. కానీ ఆ మాట అనుకునే ముందు పట్టీని చూడండి. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, మరీ పెద్దదైతే తక్కువ చూపిస్తుంది. మోచేతికి, భుజానికి మధ్య చేతి చుట్టుకొలతను టేపుతో కొలిచి, పట్టీ మీద ముద్రించిన కొలతతో పోల్చండి. యంత్రం కొన్నాక చాలామంది చేయని పని ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే.

తర్వాత కూర్చునే తీరు. చేయి కిందికి వేలాడుతుంటే, కాలు మీద కాలు వేసుకుంటే, వీపుకు ఆనుడు లేకపోతే, మూత్రం ఆపుకుని ఉంటే అంకె పెరుగుతుంది. కొలుస్తుండగా మాట్లాడినా అంతే. అందుకే కాఫీ, పొగ, వ్యాయామం తర్వాత అరగంట ఆగండి. మూత్ర విసర్జన చేసి వచ్చి, పాదాలు నేలకు ఆనించి, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చేతిని బల్ల మీద పెట్టండి. పట్టీని చొక్కా మీద కాక ఒంటి మీదే చుట్టాలి.

సమస్య: వెంటవెంటనే చూస్తే ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది

యంత్రం పాడైందని కంగారుపడకండి. రక్తపోటు స్పందన స్పందనకూ మారుతుంది, మొదటి కొలత తరచుగా కాస్త ఎక్కువగానే ఉంటుంది. నిమిషం వ్యవధితో రెండుసార్లు చూసి సగటు తీసుకోండి. ఇలా ఉదయం, సాయంత్రం ఏడు రోజులు రాసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు చూడండి. నాడి లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారిలో మాత్రం యంత్రం తడబడవచ్చు, వారు డాక్టరు చేత చూపించుకోవాలి.

సమస్య: ఆసుపత్రిలో ఎక్కువ, ఇంట్లో మామూలు

డాక్టరును చూడగానే కలిగే ఆందోళన వల్ల చాలామందికి ఇలా అవుతుంది. ఇంటి కొలతల పుస్తకం చూపించండి, అవసరమైతే 24 గంటలూ కొలిచే పరికరం పెడతారు. దీనికి తిరగబడిన స్థితి నన్ను ఎక్కువ కలవరపెడుతుంది: ఆసుపత్రిలో మామూలుగా ఉండి ఇంట్లో పెరిగే రక్తపోటు. అది ఎవరి కంటా పడకుండా గుండెను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

సమస్య: రెండు చేతులకూ తేడా ఉంది

కొద్ది తేడా మామూలే. ఇకపై ఎక్కువ వచ్చిన చేతికే చూడండి. 15కు మించిన తేడా పదేపదే కనిపిస్తే రక్తనాళాల్లో ఇరుకు ఉందేమో పరీక్షించాలి.

సరే, సగటు వచ్చింది. దాని అర్థం?

120/80 లోపు ఉంటే మామూలు. ఆసుపత్రిలో 140/90, ఇంటి సగటు 135/85 దాటితే రక్తపోటు ఉన్నట్టేనని చాలాకాలంగా వాడుకలో ఉన్న హద్దు. 2017లో అమెరికా హృద్రోగ నిపుణులు ఆ హద్దును 130/80కి దించారు. ఏ హద్దు వర్తిస్తుందో మీ వయసు, మధుమేహం వంటివి చూసి డాక్టరు చెబుతారు. ఒక రోజు అంకె తగ్గిందని మాత్రలు మాత్రం మానవద్దు.

సమస్య: 180/120 దాటింది

ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం, ఒక పక్క బలహీనత, వీటిలో ఏది ఉన్నా మళ్లీ కొలుస్తూ కూర్చోకండి, వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లండి. ఏ లక్షణమూ లేకపోతే కొద్ది నిమిషాలు కుదురుగా కూర్చుని మరోసారి చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఆ రోజే డాక్టరుకు ఫోను చేయండి.