ఐస్ బాక్స్‌లో ఐస్ నిలవడం లేదా? తప్పు గోడదా, మూతదా, లోపల పెట్టిన సామానుదా

ఐస్ తొందరగా కరిగిపోతుంటే ముందు బాక్స్‌నే తిడతాం. చవకది కొన్నాం కాబట్టి ఇలా అయింది, ఈసారి మంచి కంపెనీది తీసుకుందాం అనుకుంటాం. కొన్నిసార్లు అది నిజమే. కానీ బోలెడు డబ్బు పోసి కొన్న బాక్స్‌లో కూడా ఐస్ ఒక్క రోజుకే అయిపోయిందని బాధపడేవాళ్ళున్నారు. మామూలు బాక్స్‌తో రెండు రోజులు హాయిగా నెట్టుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. లోపం ఎక్కడుందో చూసుకోకుండా కొత్తది కొంటే డబ్బు పోతుంది, ఇబ్బంది మాత్రం అలాగే ఉంటుంది.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. బాక్స్ దేన్నీ చల్లబరచదు, చల్లబరిచేది ఐస్. బయటి వేడిని లోపలికి ఆలస్యంగా రానివ్వడమే బాక్స్ పని. 1 కిలో ఐస్ పూర్తిగా కరగాలంటే 334 కిలోజౌళ్ల వేడి పీల్చుకోవాలి. అంత వేడితో 1 కిలో నీళ్ళని 0 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ దాకా కాచవచ్చు. ఈ వేడి మూడు దారుల్లో వస్తుంది: గోడల్లోంచి, మూత సందులోంచి, మీరు లోపల పెట్టిన వస్తువుల్లోంచి. ఖరీదైన బాక్స్ మొదటి రెండు దారుల్నే కట్టడి చేస్తుంది. మూడోదాని మీద దానికి ఏ అధికారమూ లేదు.

సమస్య: పొద్దున నింపితే మధ్యాహ్నానికే సగం ఐస్ నీళ్ళయింది

ఇంత త్వరగా కరిగితే ముందే గోడల్ని అనుమానించకండి. నాసిరకం గోడైనా కొద్ది గంటల్లో అదొక్కటే ఇంత ఐస్ కరిగించడం అరుదు. వేడిలో ఎక్కువ భాగం మీరు పెట్టిన సామానుతోపాటే లోపలికి వెళ్ళింది.

8 లీటర్ల కూల్‌డ్రింకులు, నీళ్ళ సీసాలు 30 డిగ్రీల వేడిలో ఉన్నవి తెచ్చి బాక్స్‌లో పెట్టారనుకుందాం. వాటిని 0 డిగ్రీలకి దించడానికే దాదాపు 3 కిలోల ఐస్ కరిగిపోతుంది. 5 కిలోల ఐస్ వేసుంటే మిగిలేది 2 కిలోలే. దానికి తోడు ఎండలోనో స్టోర్ రూమ్‌లోనో ఉన్న బాక్స్ గోడలు కూడా వేడిగానే ఉంటాయి. మందపాటి ఖరీదైన బాక్స్‌లో ప్లాస్టిక్ ఎక్కువ కాబట్టి దాచుకున్న వేడీ ఎక్కువే. కొత్త బాక్స్ కొని మొదటిసారే నిరాశ పడేవాళ్ళలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

పెట్టేవన్నీ ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి. బాక్స్‌ని ఇంట్లో చల్లటి చోట ఉంచి, అందులో పాత ఐస్ కొంత గానీ, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు గానీ వేసి మూత పెట్టేయండి. పొద్దున ఆ నీళ్ళు పారబోసి అసలు ఐస్ నింపండి. ఒక రాత్రి ముందుగా ఈ పని చేస్తే చవక బాక్స్ కూడా ఇంతకు ముందు మీరు చూడని పనితనం చూపిస్తుంది. సామాను ఒక వంతు అయితే ఐస్ రెండు వంతులు ఉండాలన్నది బాగా పనికొచ్చే కొలత. బాక్స్‌లో ఖాళీ మిగిలితే మడిచిన తువ్వాలో థర్మాకోల్ ముక్కో పెట్టి పూడ్చండి.

సమస్య: అదే బాక్స్, అంతే బరువు ఐస్. ఒకసారి నిలుస్తుంది, ఇంకోసారి నిలవదు

ఐస్‌లో తేడా ఉంది. ఇంటి ఫ్రీజర్‌లోంచి నేరుగా తీసిన ఐస్ దాదాపు మైనస్ 18 డిగ్రీల్లో ఉంటుంది. అది 0 డిగ్రీలకి చేరేలోపే కొంత వేడి మింగేస్తుంది, ఆ తర్వాతే కరగడం మొదలవుతుంది. దీనివల్ల వందకి 11 వంతులు అదనంగా కలిసొస్తుంది. బయట కొన్న సంచి ఐస్ చేతికి తడిగా తగిలితే అది అప్పటికే 0 డిగ్రీల్లో ఉన్నట్టు. పైగా ఆ తడి మీరు ఐస్ లెక్కలో కొన్న నీళ్ళే.

ముక్కల సైజు కూడా చూడాలి. 10 సెంటీమీటర్ల ఘనం లాంటి ఐస్ గడ్డకి పైతలం మొత్తం 600 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 2 సెంటీమీటర్ల ముక్కలుగా కొడితే 3,000 అవుతుంది. గాలి, నీళ్ళు తగిలే చోటు అయిదు రెట్లు పెరిగింది కాబట్టి వేడిని వేగంగా పీల్చుకుంటుంది. వెచ్చటి సీసాల్ని గంటలోపు చల్లబరచాలంటే చిన్న ముక్కలే కావాలి. రెండు మూడు రోజులు నిలవాలంటే గడ్డలు కావాలి. రెండూ కలిపి వాడటం నాకు నచ్చిన పద్ధతి: అడుగున 1 లీటరు, 2 లీటర్ల సీసాల్లో గడ్డకట్టించిన నీళ్ళు, పైన సందుల్లో చిన్న ముక్కలు. సీసాల్లోది కరిగాక తాగొచ్చు కూడా. నింపేటప్పుడు పైన కాస్త ఖాళీ వదలండి, గడ్డకట్టేటప్పుడు నీళ్ళు ఉబ్బుతాయి.

ఐస్ మీద ఉప్పు చల్లితే చల్లదనం పెరుగుతుంది, నిజమే. కానీ ఐస్ ఇంకా త్వరగా కరుగుతుంది. నిలవ ఉంచడానికి అది మందు కాదు.

సమస్య: అన్నీ చల్లబరిచే పెట్టాను, అయినా రెండో రోజుకి ఐస్ లేదు

ఇప్పుడు గోడల సంగతి చూద్దాం. ఖరీదైన బాక్స్ నిజంగా గెలిచేది ఇక్కడే.

సుమారు 45 లీటర్ల బాక్స్ తీసుకోండి. వేడి దూరే వైశాల్యం 1 చదరపు మీటరు అనుకుందాం. బయట 30 డిగ్రీలు, లోపల 0. గోడల్లో, మూతలో 5 సెంటీమీటర్ల పాలియురెథేన్ ఫోమ్ ఉంటే లోపలికి వచ్చే వేడి దాదాపు 15 వాట్లు. రోజుకి కరిగే ఐస్ 4 కిలోలు. అదే 2.5 సెంటీమీటర్ల థర్మాకోల్ గోడైతే దాదాపు 40 వాట్లు, రోజుకి 10 కిలోలకు పైనే. ఒకే ఐస్, ఒకే ఎండ, రెండున్నర రెట్ల తేడా. 12 కిలోల ఐస్ ఒకదాంట్లో మూడు రోజులు వస్తే ఇంకోదాంట్లో ఒక్క రోజు దాటి కొద్ది గంటలు వస్తుంది. ఇందులో మాయేమీ లేదు, ఫోమ్ రకం, ఫోమ్ మందం, అంతే. అందుకే కొనేముందు పేరు కన్నా గోడ మందం, మూత మందం చూడమని గట్టిగా చెప్తాను.

మీ బాక్స్ గోడ బలహీనంగా ఉంటే ఆ సంగతి బాక్సే చెప్తుంది. ఐస్ నింపి రెండు మూడు గంటలయ్యాక బయట గోడ మీద అరచేత్తో మెల్లగా తడమండి. ఒకచోట చల్లగా తగిలి, అక్కడే చెమట పట్టినట్టు నీటి బొట్లు కనిపిస్తే ఆ చోట ఫోమ్ సరిగా నిండలేదన్నమాట. మూలల్లో, పిడి బిగించిన చోట, అడుగున నీళ్ళు వదిలే బిరడా చుట్టూ ఇది ఎక్కువ. గాలిలో తేమ ఎక్కువున్న రోజు ఈ పరీక్ష బాగా పనిచేస్తుంది.

బాక్స్ ఒకప్పటికంటే బరువెక్కినట్టుంటే లోపలి ప్లాస్టిక్‌లో పగులు కోసం వెతకండి. పగులు గుండా నీళ్ళు ఫోమ్‌లోకి చేరితే ఆ భాగం ఇన్సులేషన్‌గా పనికిరాదు. నీళ్ళలో వేడి ప్రయాణం ఫోమ్‌లోకన్నా 20 రెట్లకు పైగా సులువు. తడిసిన ఫోమ్ ఆరడం చాలా కష్టం, అలాంటి బాక్స్‌కి సెలవిచ్చేయడమే మేలు. పలుచటి గోడకైతే ఉపాయం ఉంది: లోపలి కొలతకి థర్మాకోల్ షీట్లు కోసి చుట్టూ అమర్చండి. చోటు కొంత పోతుంది. మందపాటి గోడల ఖరీదైన బాక్స్‌లో కూడా లోపలి చోటు తక్కువే కాబట్టి అందులో బాధపడాల్సిందేమీ లేదు.

సమస్య: గోడలు బాగానే ఉన్నాయి, మూత మీద చెయ్యి పెడితే చల్లగా తగులుతోంది

మూతని వేళ్ళ కణుపులతో కొట్టి చూడండి. ఖాళీ డబ్బాలా మోగితే లోపల ఫోమ్ లేదు, గాలే ఉంది. తక్కువ ధర బాక్సుల్లో చాలావాటికి ఇదే జబ్బు: గోడల్లో ఫోమ్ పోసి మూతని వదిలేస్తారు. ఎండ నేరుగా పడేది మూత మీదే.

దీన్ని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. మూత లోపలివైపు చిన్న రంధ్రాలు వేసి, డబ్బాల్లో దొరికే స్ప్రే ఫోమ్‌లో తక్కువగా ఉబ్బే రకాన్ని కొంచెం కొంచెంగా, విడతలుగా నింపండి. ఒకేసారి నింపితే మూత ఉబ్బి వంకరపోతుంది, తర్వాత అసలు మూతే పడదు. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. పూర్తిగా గట్టిపడ్డాక రంధ్రాల్ని సిలికాన్‌తో మూసేయండి. ఇంత పని వద్దనుకుంటే ఐస్ మీద సరిగ్గా పట్టేలా ఒక థర్మాకోల్ పలక కోసి పరచండి. అయిదు నిమిషాల పని, ఫలితం మాత్రం పెద్దది.

సందు పరీక్షకి ఒక కాగితం ముక్క చాలు. సగం లోపల, సగం బయట ఉండేలా పెట్టి మూత మూసి క్లిప్ వేయండి. కాగితాన్ని లాగితే గట్టిగా పట్టుకోవాలి. జారి చేతికొచ్చేస్తే అక్కడ సందుంది. చుట్టూ నాలుగైదు చోట్ల చూడండి. ఖరీదైన బాక్సుల్లో ఫ్రిజ్ తలుపుకి ఉన్నట్టు రబ్బరు గ్యాస్కెట్ ఉంటుంది. అది ఒకచోట అణిగిపోతే వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో కాసేపు అద్దితే మళ్ళీ లేస్తుంది. లేవకపోతే గ్యాస్కెట్ మార్చాలి. గ్యాస్కెట్ అసలే లేని బాక్స్‌కి తలుపులకి అంటించే ఫోమ్ టేపు అంచు పొడవునా అంటించండి.

మూత తెరవడం గురించి మరీ టెన్షన్ పడొద్దు. 45 లీటర్ల బాక్స్‌ని ఒకసారి తెరిచి వెంటనే మూస్తే లోపలి గాలి మొత్తం మారినా కరిగే ఐస్ 10 గ్రాములు దాటదు. నష్టం చేసేది తెరిచిపెట్టి వెతుక్కోవడం. తరచూ తీసేవి పైన సర్దండి.

సమస్య: ఇంట్లో బాగా పనిచేసింది, బయటికి తీసుకెళ్తే చతికిలపడింది

ఎండలో ముదురు రంగు మూత 60 డిగ్రీల దాకా వేడెక్కగలదు. అంటే ఆ వైపు నుంచి దూరే వేడి రెట్టింపు. మూసి ఉన్న కారు లోపల కూడా దాదాపు ఇదే పరిస్థితి. నీడలో పెట్టండి, కాలే నేల మీద కాకుండా చెక్క మీదో ఇటుకల మీదో ఎత్తి పెట్టండి, పైన తెల్లటి దుప్పటి కప్పండి. గాలి ఆడే చోట ఆ దుప్పటిని తడిపితే ఇంకా మంచిది.

సమస్య: ఐస్ ఉంది, పైనున్న పదార్థాలు మాత్రం వెచ్చగా ఉన్నాయి

చల్లటి గాలి కిందికి దిగుతుంది. ఐస్ అంతా అడుగునే ఉంటే పైనున్నవాటికి అందదు. కొంత ఐస్ పైన కూడా వేయండి. పాడయ్యే ఆహారం 5 డిగ్రీల లోపు ఉండాలి. దాన్ని చేత్తో తాకి తేల్చలేం, చిన్న థర్మామీటర్ ఒకటి లోపల పెట్టండి. ఐస్ కనిపిస్తోంది కదా అని తినేయడం ప్రమాదం.

మందులకి ఇంకా జాగ్రత్త కావాలి. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టిందంటే ఇక వాడకూడదు. మంచి బాక్స్, మైనస్ 18 డిగ్రీల ఐస్ కలిస్తే గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. మందుకి ఐస్ నేరుగా తగలకుండా మందపాటి గుడ్డ చుట్టి, దూరంగా పెట్టండి.

కరిగిన నీళ్ళు వదిలేయాలా?

సీసాలు, డబ్బాలు మాత్రమే ఉంటే వదలొద్దు. ఆ నీళ్ళు 0 డిగ్రీల దగ్గరే ఉంటాయి, సీసాల చుట్టూ ఆవరించి చల్లగా ఉంచుతాయి. నీళ్ళు తీసేస్తే ఆ ఖాళీలోకి వెచ్చటి గాలి చేరుతుంది. పచ్చి మాంసం, చేపలు, తడవకూడని ఆహారం ఉంటే మాత్రం వదిలేయాలి.

సమస్య: మూత రావడం లేదు

ఇది మంచి బాక్స్‌లోనే వస్తుంది. లోపలి గాలి చల్లబడి ఒత్తిడి తగ్గడంతో మూత అతుక్కుపోతుంది. అడుగున బిరడా కాస్త వదులు చేస్తే గాలి లోపలికి వెళ్ళి మూత సులువుగా వస్తుంది.

డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) వాడేవాళ్ళకి ఇదే గాలి చొరని మూత ప్రమాదం. మైనస్ 78.5 డిగ్రీల్లో ఉండే డ్రై ఐస్ కరగదు, నేరుగా కార్బన్ డయాక్సైడ్ వాయువుగా మారి ఒత్తిడి పెంచుతుంది. వాయువు బయటికి పోయే దారి ఉండాలి. దాన్ని వట్టి చేత్తో ముట్టుకోకూడదు, కిటికీలు మూసిన బండిలో తీసుకెళ్ళకూడదు.

ఇంతకీ ఖరీదైనది కొనాలా?

2006లో అమెరికాలో రాయ్, ర్యాన్ సైడర్స్ అనే అన్నదమ్ములు యెటి అనే ఐస్ బాక్సుల కంపెనీ మొదలుపెట్టారు. వాళ్ళకి చేపల వేట ఇష్టం. పడవలో బాక్స్ మీద నిలబడితే మామూలు వాటి మూతలు కుంగిపోతున్నాయి, పిడులు విరుగుతున్నాయి. ఆ బాధలోంచే గట్టి బాక్స్ ఆలోచన వచ్చింది. రోటోమౌల్డింగ్ పద్ధతిలో, అంటే అచ్చును తిప్పుతూ ప్లాస్టిక్‌ని అతుకులు లేకుండా పోసిన బాక్సులకి మీరు పెట్టే డబ్బులో పెద్ద భాగం ఆ దృఢత్వానికే. పడవలో, ట్రక్కులో, రాళ్ళ మీద ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి ఆ ధర సరిపోతుంది. ఏడాదికి రెండు మూడు సార్లు, ఒక్క పూటకి వాడేవాళ్ళకి ఆ బరువు మోయడమే మిగులుతుంది. మరో సంగతి, 'ఇన్ని రోజులు ఐస్ ఉంటుంది' అనే ప్రకటనల్లోని అంకెలు చాలావరకు బాక్స్ నిండా ఐస్ నింపి, సామాను పెట్టకుండా, మూత తెరవకుండా చూసినవి.

కొనేముందు మీ పాత బాక్స్‌ని ఒక రోజు కొలవండి. రాత్రంతా చల్లబరిచి, నీళ్ళు పూర్తిగా వంపేసి, అప్పటికే 0 డిగ్రీలకి చేరి తడి తగిలే కొత్త ఐస్‌ని నీళ్ళు ఓడ్చి నిండా నింపి, మూత మూసి నీడలో వదిలేయండి. సరిగ్గా 24 గంటలకి నీళ్ళు వదిలి కొలపాత్రతో కొలవండి. వచ్చిన ప్రతి లీటరూ లోపలికి దాదాపు 4 వాట్ల వేడి దూరిందని చెప్తుంది. 45 లీటర్ల బాక్స్‌కి, బయట 30 డిగ్రీలున్నప్పుడు, 5 లీటర్లు వస్తే మీ దగ్గరున్నది మంచి బాక్సే. 10 లీటర్లు వస్తే ముందు మూత బాగుచేసి మళ్ళీ కొలవండి. అప్పటికీ తగ్గకపోతే కొత్తది చూడండి.