పంచదార పుర్రె మేకప్: నల్లరంగు కలిసిపోకుండా చివరికి కుదిరింది (నా అనుభవం)

మెక్సికో వాళ్లు నవంబర్ 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్లను తలుచుకునే పండగ మా శాన్ ఆంటోనియోలోనూ (అమెరికాలోని టెక్సస్) బాగా జరుగుతుంది. ఆ పండగకి పంచదారతో చేసే రంగుల పుర్రెల్లా ముఖానికి వేసుకునేదే ఈ పుర్రె మేకప్. మా అమ్మాయికి అది వేయడం నా పని. రెండేళ్లూ ఒకటే గోల: అది నవ్వగానే తెల్లరంగు పగిలేది, కళ్ల చుట్టూ నల్లరంగు దాంట్లో కలిసి విభూతి పూసినట్టు అయ్యేది.

ప్రైమర్ (రంగు కింద ముందుగా రాసే క్రీమ్) మార్చాను, ఖరీదైన క్రీమ్ రంగు కొన్నాను, హెయిర్ స్ప్రే కూడా కొట్టాను (అది మాత్రం వద్దు, కళ్లు మండాయి).

అసలు తప్పు తెల్లరంగు మీద నల్లరంగు వేయడం. ఈసారి నీళ్లతో కలిపే ఫేస్ పెయింట్ తీసుకుని, ముందు ఐబ్రో పెన్సిల్‌తో కళ్ల చుట్టూ గుండ్రాలు, ముక్కు మీద తిరగేసిన హృదయం గీశాను. వాటి లోపల చర్మం ఖాళీగా వదిలేశాను. బయట మాత్రం, గట్టిగా పిండిన స్పాంజితో తెల్లరంగు అద్దాను. రుద్దలేదు. పల్చగా ఒక పూత, ఆరాక ఇంకొకటి. పౌడర్ పఫ్‌తో నొక్కి, ఐదు నిమిషాలు మాట్లాడొద్దన్నాను (కష్టమైన భాగం ఇదే). తర్వాతే ఖాళీల్లో నల్లరంగు, అంచు నుంచి లోపలికి. కళ్ల చుట్టూ పూరేకులు, చివరగా పెదాల మీద కుట్లలా గీతలు.

తల్లో బంతిపూలు పెట్టాను. బంతి పుట్టిల్లు మెక్సికోనే కదా.

నాలుగు గంటలు నిలిచింది. కానీ దానిది పొడి చర్మం, ఆ రోజు చలి. చెమట పట్టేవాళ్లకు ఇలాగే నిలుస్తుందని చెప్పలేను. రంగు చర్మానికి పడుతుందో లేదో ముందురోజు మోచేతి లోపల కొంచెం రాసి చూడండి.