యాంటీబయాటిక్ రాసే చేతికి ముందే అలవాటు ఎలా చేయాలి? విశాఖ వైద్య విద్యార్థులకు

విశాఖలో ఎంబీబీఎస్ చదివే రోజుల్లో మా హాస్టల్‌లో ఎవరికి గొంతు నొప్పి వచ్చినా పక్క గది నుంచి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్ వచ్చేది. నేనూ ఒక వానాకాలం జ్వరానికి అలాగే మింగాను. నాలుగో రోజు పరీక్ష చేయిస్తే డెంగీ అని తేలింది. రెసిస్టెన్స్ (యాంటీబయాటిక్‌కి బ్యాక్టీరియా లొంగకపోవడం) మీద పేజీలకు పేజీలు రాసిన చేతులే ఆ స్ట్రిప్ చింపాయి. అందుకే చెబుతున్నాను, యాంటీబయాటిక్‌ని జాగ్రత్తగా వాడే అలవాటుకి ఫైనల్ ఇయర్ దాకా ఆగకండి.

మొదటి పని మీ గదిలోనే ఉంది. అల్మారాలో మిగిలిపోయిన యాంటీబయాటిక్స్ ఉంటే తీసేయండి. ఫ్రెండ్‌కి ఇవ్వకండి, టాయిలెట్‌లో వేయకండి. ఆసుపత్రి ఫార్మసీలో అడిగి అప్పగించండి.

తర్వాత వార్డు. విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కి శ్రీకాకుళం నుంచి, పాడేరు, అరకు వైపు నుంచి కూడా జ్వరంతో వస్తారు. చాలామంది దారిలో ఎక్కడో ఒకటి రెండు యాంటీబయాటిక్స్ వాడే వస్తారు. కాబట్టి కేస్ తీసుకునేటప్పుడు "ఇంతకుముందు ఏం మందు వేసుకున్నారమ్మా? ఆ స్ట్రిప్ ఉందా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో సగం కథ బయటపడుతుంది.

ఇది బ్యాక్టీరియా జ్వరమేనా అన్నది ఆ తర్వాత తేల్చుకోవాలి. డెంగీ వైరస్, మలేరియా పరాన్నజీవి. ఒక్క వైడల్ (టైఫాయిడ్ కోసం చేసే రక్తపరీక్ష) రిపోర్టు చూసి టైఫాయిడ్ అనేయకండి, అది తప్పుగా పాజిటివ్ రావడం మామూలే. రోగి చంకలు, గజ్జలు, నడుము దగ్గర బాగా చూడండి. సిగరెట్‌తో కాల్చినట్టు చిన్న నల్లటి పొక్కు కనిపిస్తే స్క్రబ్ టైఫస్‌ను (చిన్న పురుగు కాటుతో వచ్చే బ్యాక్టీరియా జ్వరం) అనుమానించాలి. దానికి డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది, సెఫ్ట్రియాక్సోన్ ఎన్ని రోజులు ఎక్కించినా పనిచేయదు. ఒళ్లంతా ఓపికగా పరీక్షించడం కూడా యాంటీబయాటిక్‌ని కాపాడటమేనని నాకు అర్థమయ్యేసరికి హౌస్ సర్జన్సీ వచ్చింది.

మందు మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) తీయడం నేర్చుకోండి. పెద్దవాళ్లకైతే రెండు వేర్వేరు చోట్ల నుంచి, ఒక్కో బాటిల్‌కి 8 నుంచి 10 మిల్లీలీటర్లు. సెప్టిక్ షాక్‌లో (ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయిన స్థితిలో) మాత్రం కల్చర్ కోసం మందు ఆపకండి, గంటలోపు పడాలి. శాంపిల్ పంపి ఊరుకోవద్దు. మైక్రోబయాలజీ ల్యాబ్‌కి వెళ్లి, ప్లేటు సిద్ధమయ్యాక చూపించమని అడగండి. యాంటీబయాటిక్ పూసిన డిస్క్ చుట్టూ ఖాళీ లేకుండా, అంటే ఆ మందుకి లొంగకుండా, బ్యాక్టీరియా పెరగడం ఒక్కసారి కళ్లారా చూస్తే ఎప్పటికీ మరచిపోరు. 48 గంటల తర్వాత రిపోర్టుతో వార్డుకి వెళ్లి, మందు మార్చాలా, ఆపాలా అని పీజీని అడగండి.

డబ్ల్యూహెచ్ఓ 2017లో చేసిన అవేర్ జాబితా ఫోన్‌లో పెట్టుకోండి. అది యాంటీబయాటిక్స్‌ని యాక్సెస్ (ముందుగా వాడేవి), వాచ్, రిజర్వ్ (చివరికి దాచుకునేవి) అని మూడు గ్రూపులుగా విడదీస్తుంది. అమోక్సిసిలిన్ యాక్సెస్ గ్రూపులో, కొలిస్టిన్, లినెజోలిడ్ రిజర్వ్‌లో ఉంటాయి. మనం చాక్లెట్లలా పంచుకునే అజిత్రోమైసిన్ ఉన్నది వాచ్‌లో, అంటే జాగ్రత్తగా వాడాల్సిన వాటిలో.

అన్నిటికంటే కష్టం ఇంటి నుంచి వచ్చే ఫోన్. "నాన్నా, పాపకి జలుబు, ఏదైనా యాంటీబయాటిక్ చెప్పు" అంటుంది పిన్ని. కాదనడానికి టెన్షన్‌గా ఉంటుంది, నాకు తెలుసు. కానీ మందు రాసే అర్హత మీకు ఇంకా లేదు. సెఫిక్సిమ్, లీవోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్స్ 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో (డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో) ఉన్నాయి. షాపులో చీటీ చూపించాలి, వివరాలు రిజిస్టర్‌లో రాయాలి. "ఇప్పుడే రాసేయలేను పిన్నీ, పాప పాలు తాగుతోందా? ఊపిరి వేగంగా తీస్తోందా? డొక్కలు ఎగరేస్తోందా?" అని అడగండి. తేడా ఉంటే వెంటనే పిల్లల డాక్టర్ దగ్గరకు పంపండి. అంతా బాగుంటే, జలుబు చాలావరకు వైరస్ వల్లే వస్తుందని, దానికి యాంటీబయాటిక్ పనిచేయదని చెప్పండి. మర్నాడు పొద్దున మీరే ఫోన్ చేసి పాప ఎలా ఉందో కనుక్కోండి.