సీరియల్ నటన మీద నిక్కచ్చిగా అభిప్రాయం చెప్పడం ఎలా?

రోజూ చూసే సీరియల్ గురించి అడిగితే మనలో చాలామంది "బాగుంది", "సాగదీస్తున్నారు" అనే రెండు మాటలతోనే సరిపెట్టుకుంటారు. వారంలో ఐదారు రోజులు మన ఇంట్లో కనిపించే నటీనటుల పనికి ఇంతకంటే శ్రద్ధగల మాట దక్కాలి. అలా చెప్పాలంటే, తెర మీద కనిపించే దానిలో నటుడి పని ఎంత, రచయితది ఎంత, ఎడిటర్‌ది ఎంత అన్నది ముందుగా విడదీసి చూడడం నేర్చుకోవాలి.

మొదట గొంతును, ముఖాన్ని వేరు చేయండి. తెలుగు సీరియళ్లలో ప్రధాన పాత్రలు వేసేవారిలో కర్ణాటక, కేరళ నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. వారిలో ఎందరికో డబ్బింగ్ కళాకారులే గాత్రం అందిస్తారు. సెట్‌లో సహాయ దర్శకుడు కెమెరా పక్కనుంచి ప్రాంప్టింగ్ చెబుతూ ఉంటే, భాష ఇంకా పట్టుబడని నటి ఆ మాటలను అందుకుని పలుకుతూనే, అదే క్షణంలో కళ్లలో బాధను చూపించాలి. అందుకే ఒక ముఖ్యమైన సన్నివేశాన్ని ఓటీటీలో రెండుసార్లు చూడండి: ఒకసారి శబ్దం ఆపేసి, మరోసారి తెర చూడకుండా కేవలం వింటూ. మొదటిసారి తెలిసేది నటి పనితనం, రెండోసారి తెలిసేది డబ్బింగ్ కళాకారిణి ప్రతిభ. "డైలాగ్ అదరగొట్టింది" అన్న మెచ్చుకోలు ఎవరికి చెందాలో అప్పుడు స్పష్టమవుతుంది.

తర్వాత కథలోని లోపాన్ని నటన ఖాతాలో వేయకుండా జాగ్రత్తపడండి. స్టార్ మాలో 2017లో మొదలై 2023 వరకు సాగిన 'కార్తీకదీపం' దీనికి మంచి ఉదాహరణ. బిడ్డ తనది కాదేమోనన్న, ఒక్క పరీక్షతో తేలిపోయే అనుమానాన్ని వైద్యుడైన భర్త ఏళ్ల తరబడి మోయడం రచన చేసిన తప్పు. ఆ భారం డాక్టర్ బాబుగా నటించిన నిరుపమ్ పరిటాల మీద పెట్టడం అన్యాయం. అదే సీరియల్‌లో అతని భార్య వంటలక్కగా ప్రేమీ విశ్వనాథ్ అవమానం ఎదురైనప్పుడు తల వంచకుండా నిలబడే తీరు, శబ్దం లేకుండా చూసినా మనసుకు తగులుతుంది. మలయాళ మాతృక 'కరుత్తముత్తు'లోనూ ఆమె ఇదే తరహా పాత్ర వేశారు కాబట్టి, ఆ పట్టు ఎక్కడినుంచి వచ్చిందో ఊహించవచ్చు.

మాట్లాడుతున్నవారిని కాక వింటున్నవారిని గమనించడం అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష అని నా అభిప్రాయం. అత్తగారు తలుపు చాటున రహస్యం విన్నప్పుడు పిడుగు శబ్దంతో ఆమె ముఖాన్ని మూడుసార్లు జూమ్ చేస్తారు. ఆ మూడు జూమ్‌లు ఎడిటర్‌వి. కెమెరా వెడల్పుగా ఉన్నప్పుడు, వెనక నిలబడిన తోడికోడలు చేతిలోని పళ్లెం ఏ మాట దగ్గర ఆగింది, ఆమె చూపు ఎవరి వైపు మళ్లింది అన్నదే అసలైన నటన. 2001 నుంచి 2007 వరకు జెమినీ టీవీలో వచ్చిన 'అమృతం'లో కథానాయకుడి పాత్రను శివాజీ రాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు పోషించినా హాస్యం చెక్కుచెదరకపోవడానికి, అతని స్నేహితుడు అంజిగా గుండు హనుమంతరావు ఎదుటివారి మాటను శ్రద్ధగా విని, సరైన సమయానికి స్పందించడం పెద్ద కారణమని నమ్ముతాను.

ఇక చెప్పే పద్ధతి. టీఆర్పీని సాక్ష్యంగా తీసుకోకండి. ఎంతమంది చూశారో అది చెబుతుంది గాని ఎలా నటించారో చెప్పదు. నటి రంగు, లావు, సొంత జీవితం జోలికి అసలు పోకండి. విలన్ పాత్ర వేసిన మనిషిని తిట్టడం విమర్శ కాదు. 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా'లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పిల్లల పాట విన్న తర్వాత ఏ అక్షరం సరిగా పలకలేదో, పాటలో ఏ సంగతి (స్వరాల విరుపు) జారిందో ఎత్తిచూపి, అవసరమైతే తానే పాడి వినిపించేవారు. మనం నటించి చూపనక్కర్లేదు గాని, అంతటి నిర్దిష్టత మన మాటలో ఉండాలి. "ఓవరాక్షన్" అని వదిలేయకుండా, "తండ్రి మరణవార్త విన్న సన్నివేశంలో, వార్త పూర్తిగా చెప్పకముందే ఏడుపు మొదలైంది" అని రాయండి. ఏ ఎపిసోడో తేదీతో సహా పేర్కొంటే, ఒప్పుకోనివారు కూడా ఆ సన్నివేశం తీసి చూసుకోగలుగుతారు. కొత్తగా వచ్చిన నటి మీద తీర్పు చెప్పే ముందు ఆమెకు కనీసం రెండు మూడు వారాల ఎపిసోడ్‌లు ఇవ్వండి. ఆ తర్వాత కూడా నచ్చకపోతే, ఎందుకు నచ్చలేదో మొహమాటం లేకుండా చెప్పండి.